ఆకల్టిజం అంటే ఏమిటి? చెల్లికి ‘ఎవరో చేయించారు’ అంటే ఏం చేయాలి?

గాజువాక నుంచి రాసిన బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. మీ చెల్లికి తొలి కాన్పయి రెండు నెలలైంది, పుట్టింట్లోనే ఉంది. రాత్రి మూడింటప్పుడు గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటోందని, అరుద్దామన్నా నోరు పెగలడం లేదని అంటోంది. పగలంతా ఊరికే ఏడుస్తోంది. బిడ్డను ఎత్తుకోమంటే మొహం తిప్పుకుంటోంది. ఎవరో చెబితే ‘ఆకల్ట్ సైన్సెస్’ అని బోర్డు పెట్టుకున్న ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన నిమ్మకాయ కోస్తే ఎర్రగా కారింది. అంజనం వేసి చూసి, పిల్లలు లేని తోడికోడలు చేయించిందన్నాడు. 41 రోజుల పూజకు 35 వేలు అడిగాడు. పూజ అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు, ఏదో పొడి ఇచ్చి డాక్టరు రాసిన మాత్రలు ఆపమన్నాడు. ఇక మీరు అడిగింది: అసలు ఆకల్టిజం అంటే ఏమిటి, అది సైన్సేనా, చేతబడి, జ్యోతిషం, తంత్రం అన్నీ ఒకటేనా, ఇవి నమ్మాలా వద్దా అని.

నేను విశాఖలో మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌గా 29 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను. పేషెంటును తీసుకొచ్చిన ఇంటివాళ్లతో కూర్చుని మొదటినుంచీ ఏం జరిగిందో వినడం, రాసుకోవడం, మందులు మానకుండా చూడటం నా పని. మా దగ్గరికి వచ్చిన వాళ్లలో చాలామంది చేతికి తాయెత్తుతోనో, మెడలో కట్టిన వేరుముక్కతోనో వచ్చేవారు. వాళ్లు ఎక్కిన రెండో గుమ్మమో మూడో గుమ్మమో మాది. అందుకే ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, అవి దాచుకోకుండా రాస్తున్నాను. అన్నిటికంటే ముందు ఒక్క మాట: మాత్రలు ఆపొద్దు. ఆపేసి ఉంటే రేపే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. మిగతాది చదవండి.

‘ఆకల్ట్’ అనే మాటకు ఎంత భయం అంటుకుందో ఒకసారి దగ్గరగా చూశాను. మా వీధిలో ఒక పెద్దాయనకు ఒంట్లో రక్తం తగ్గిపోతోందని డాక్టరు మలపరీక్ష రాశారు. రిపోర్టు పట్టుకుని ఆయన అల్లుడు రాత్రి తొమ్మిది దాటాక మా తలుపు కొట్టాడు. చేతిలో కాగితం నాలుగు మడతలు పడి, చెమటకు మెత్తబడిపోయింది. ‘ఆకల్ట్ బ్లడ్ – పాజిటివ్’ అన్న చోట వేలు పెట్టి, “ఫోన్‌లో వెతికితే క్షుద్రశక్తులు అని వస్తోందండీ, మావయ్యకి ఎవరైనా ఏమైనా చేశారా?” అని అడిగాడు. గొంతు వణుకుతోంది. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి చెప్పాను. ఆ మాటకు అర్థం ‘కంటికి కనిపించని రక్తం’ అని. కడుపులోనో పేగులోనో ఎక్కడో కొద్దికొద్దిగా కారుతుంటుంది, చూస్తే తెలియదు, పరీక్షలో బయటపడుతుంది. అది ఎక్కడినుంచి వస్తోందో వెతకడానికి మర్నాడే ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

మాట మూలం అంతే. లాటిన్‌లో ‘ఆక్యుల్టస్’ అంటే దాగినది, మరుగైనది. చంద్రుడు అడ్డొచ్చి ఒక నక్షత్రం మరుగుపడితే ఖగోళశాస్త్రంలో దాన్ని ‘ఆకల్టేషన్’ అంటారు. యూరప్‌లో పాతకాలపు పండితులు వస్తువుల గుణాలను రెండు రకాలుగా చూసేవారు. వేడి, చలువ, తడి, పొడి లాంటివి తాకితే తెలుస్తాయి. అయస్కాంతం ఇనుమును ఎందుకు లాగుతుందో తాకినా, చూసినా తెలియదు. అలాంటివి దాగిన గుణాలు, అంటే ఆకల్ట్ గుణాలు. నక్షత్రాలకూ రాళ్లకూ మూలికలకూ మనిషికీ మధ్య కనిపించని సంబంధాలున్నాయన్న నమ్మకాన్ని అగ్రిప్పా అనే జర్మన్ పండితుడు మూడు భాగాల గ్రంథంగా పేర్చాడు. అది 1533లో పూర్తిగా అచ్చయింది. అయస్కాంతాల మీద ప్రయోగాలు చేసి, భూమే ఒక పెద్ద అయస్కాంతమని విలియం గిల్బర్ట్ 1600లో పుస్తకం వేశాడు. ఆ తరవాత దాగిన గుణాల జాబితాలోంచి అయస్కాంతం మెల్లగా బయటికి నడిచింది. న్యూటన్ గురుత్వాకర్షణ గురించి చెప్పినప్పుడు జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ చేసిన ఆరోపణ ఏమిటో తెలుసా? మళ్లీ ఆకల్ట్ గుణాలను తెచ్చి మా నెత్తిన పెడుతున్నావని! ఆ న్యూటనే రసవాదం (మామూలు లోహాన్ని బంగారం చేయాలనే విద్య) మీద కట్టలకొద్దీ రాసుకున్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ‘దాగిన శక్తి ఉందేమో’ అనుకోవడం మూర్ఖుల పని కాదు. ఆలోచించే మనిషే అలా అనుకుంటాడు. అనుకుని ఊరుకోకుండా తవ్వి చూసినవాళ్ల చేతిలో అది శాస్త్రమైంది. తవ్వకుండా గుట్టుగా ఉంచినవాళ్ల దగ్గర అలాగే మిగిలింది. ‘ఆకల్టిజం’ అని చివర ‘ఇజం’ తగిలించి ఒక సిద్ధాంతంలా మాట్లాడటం 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఎలిఫాస్ లెవీ లాంటి వాళ్ల రాతలతో పెరిగింది. అంటే అగ్రిప్పాకు మూడు వందల ఏళ్ల తరవాతి సంగతి. బోర్డు మీద ‘సైన్సెస్’ అని రాసినంత మాత్రాన సైన్స్ కాదు బాబూ. ఎవరైనా చేసి చూసుకునేలా విప్పి చెప్పింది సైన్స్.

ఆ గాలి మన దేశానికి దివ్యజ్ఞాన సమాజం (థియొసాఫికల్ సొసైటీ)తో వచ్చింది. 1875లో న్యూయార్క్‌లో బ్లవట్‌స్కీ, ఆల్కాట్ పెట్టిన ఆ సమాజం 1882లో మద్రాసు అడయారుకు మకాం మార్చింది. మన విశాఖలో ఎక్కిరాల కృష్ణమాచార్యగారు 1971లో వరల్డ్ టీచర్ ట్రస్ట్ పెట్టారు, ఆ భావాల ప్రభావం అక్కడా కనిపిస్తుంది. ఆయన యూనివర్సిటీలో తెలుగు పాఠాలు చెప్పినవారు, హోమియో మందులిచ్చేవారు. ఆ దారిలో నడిచేవాళ్లు ధ్యానం చేసుకుంటారు, పుస్తకాలు చదువుకుంటారు. వాళ్లనూ మీ 35 వేల పెద్దమనిషినీ ఒకే మాటతో పిలవడం అన్యాయం. కానీ ఇంగ్లిష్‌లో ఇద్దరికీ ‘ఆకల్టే’.

మన భాషలో మాత్రం విడివిడిగా పేర్లున్నాయి, వాటిని వాడుకుంటే సగం గందరగోళం పోతుంది. దిష్టి వేరు, గాలి సోకడం వేరు, పూనకం వేరు, సోది వేరు. చేతబడి అంటే ఒకరు మరొకరికి కావాలని కీడు చేయించడం. మన ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా ఏజెన్సీ వైపు, దాన్నే చిల్లంగి అంటారు. తెలంగాణలో బాణామతి అంటారు. తంత్రం అనేది శాస్త్ర గ్రంథాలూ గురుపరంపరా ఉన్న పూజామార్గం. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ చూశారా? అక్కడ బౌద్ధం ఉన్న చివరి దశ వజ్రయానమే, అంటే తాంత్రిక బౌద్ధం. తంత్ర గ్రంథాల్లో ఆరు రకాల కర్మలు చెబుతారు: శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం. మొదటిది రోగం, బాధ తగ్గించడానికి. చివరిది చంపడానికి. అన్నీ ఒక్క శక్తి పేరుమీదే. దేన్ని ‘క్షుద్రం’ అనాలో మనవాళ్లు శక్తిని బట్టి కాక, చేసేవాడి ఉద్దేశాన్ని బట్టి తేల్చారు. నాకు ఇది చాలా తెలివైన పద్ధతి అనిపిస్తుంది. జ్యోతిషం మరో శాఖ. దాని మీద నాకు నమ్మకం లేదు గానీ, ముహూర్తం పెట్టుకున్నందువల్ల ఎవరి ఇల్లూ కూలడం నేను చూడలేదు.

దాగినదంతా చెడ్డది కాదనడానికి మన సింహాచలం కంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు. అప్పన్న స్వామి ఏడాది పొడవునా చందనం కింద దాగి ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియనాడు ఒక్కరోజు నిజరూప దర్శనం. కానీ ఆ దాచడంలో గుట్టేముంది? ఎప్పుడు దాస్తారో, ఎప్పుడు తీస్తారో, చందనం ఎప్పుడు అరగదీస్తారో ఊరందరికీ తెలుసు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికైతే పైన కప్పు కూడా లేదు, ఎండావానా ఆమెకూ మనకూ ఒకటే, ఎవరి పూజ వాళ్లే చేసుకోవచ్చు. నేనూ మార్గశిర గురువారాలు వెళ్లేదాన్ని, ఇప్పటికీ కుదిరితే వెళ్తాను. మీరు దేవుణ్ణి మొక్కుకోవడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్న మాట దగ్గరే నాకు గుండె గతుక్కుమంటుంది. ఏ గుళ్లోనూ మీకు ఆ షరతు పెట్టరు.

అతీంద్రియ శక్తులను పరీక్ష పెట్టి చూసిన ఊరు కూడా మనదే. ఈ తరం పిల్లలకు ఇది తెలియదు. 1960ల చివర్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. రామకృష్ణారావుగారు పారాసైకాలజీకి ఒక శాఖనే నెలకొల్పారు. అమెరికాలో ఇలాంటి శక్తుల మీద ప్రయోగాలు చేసిన జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చినాయన. తరవాత అదే యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. రైన్ పద్ధతి సులువుగా అర్థమవుతుంది. ఐదు గుర్తులు – వృత్తం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం. ఒక్కోటి ఐదు చొప్పున 25 కార్డులు. మూసి ఉన్న కార్డు ఏదో చెప్పాలి. ఊరికే ఊహించినా సగటున ఐదు తగులుతాయి. ఎవరికైనా మళ్లీమళ్లీ అంతకంటే బాగా ఎక్కువ తగిలితే ఏదో ఉందని ఆలోచించాలి. దశాబ్దాలుగా ఇలాంటి పరీక్షలు చేసినా, ఎవరు ఎక్కడ చేసినా ఒకే ఫలితం వచ్చేంత గట్టి రుజువు దొరకలేదని శాస్త్రలోకంలో ఎక్కువమంది అభిప్రాయం. రామకృష్ణారావుగారు అది ఒప్పుకునేవారు కారు. ఆయన నమ్మకంతో నేను ఏకీభవించను గానీ, ఆయన పట్ల గౌరవం ఉంది. దాగిన శక్తి ఉందని నమ్మినాయన దాన్ని బల్ల మీద పెట్టి, లెక్క రాసి, తప్పుంటే పట్టుకోండని పదిమందికీ చూపించారు. మీ అంజనం ఆయన్ని 25 కార్డులు చెప్పమనండి, చెబుతాడేమో చూద్దాం.

ఇంత చదువు వచ్చాక కూడా జనం ఎందుకు నమ్ముతారు అని మీరు అడిగారు. చదువుకూ దీనికీ సంబంధం తక్కువ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, 61 రోజులు. అది ముగిసి బోట్లు కదిలేటప్పుడు ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి చూడండి. గంగమ్మకు పూజ, బోటు ముందుభాగానికి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. ఆ బోటులోనే జీపీఎస్, వైర్‌లెస్ సెట్టు, వాతావరణ హెచ్చరికలు చూసుకునే ఫోను ఉంటాయి. మాకు చేపలు తెచ్చే జాలరిపేట అమ్మను ఒకసారి అడిగాను. “మేఘాద్రిగెడ్డలో వల ఏసేవోడికి ఇయ్యేవీ అక్కర్లేదమ్మా. సముద్రం ఏరు” అంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మలినౌస్కీ అనే మానవశాస్త్రవేత్త న్యూగినియా దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి గమనించింది కూడా ఇదే. దీవుల లోపలి ప్రశాంతమైన నీళ్లలో చేపలు పట్టేటప్పుడు ఏ మంత్రమూ లేదు. నడిసముద్రానికి పోయేటప్పుడు మాత్రం తంతులన్నీ ఉన్నాయి. మన చేతిలో లేనిది ఎంత ఎక్కువో, మంత్రం అంత ఎక్కువ. మీ ఇంట్లో ఇప్పుడున్నది నడిసముద్రమే, అందుకే మీరు వెళ్లారు. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

ఇంకో కారణం ఉంది, నా ఉద్యోగంలో నాకు బాగా పనికొచ్చింది అదే. అప్పటి సూడాన్‌లోని అజాండే అనే జాతి గురించి ఎవాన్స్-ప్రిచర్డ్ అనే మానవశాస్త్రవేత్త 1937లో రాశాడు. అక్కడ ధాన్యం గాదెలు గుంజల మీద ఉంటాయి, మధ్యాహ్నం ఎండకు జనం వాటి నీడన కూర్చుంటారు. ఒక్కోసారి గాదె కూలి కింద ఉన్నవాళ్లకు దెబ్బలు తగులుతాయి. గుంజలకు చెదపట్టిందని వాళ్లకు బాగా తెలుసు, అది చూడలేనంత అమాయకులేం కాదు. వాళ్ల ప్రశ్న వేరు: ఆ గుంజ ఆ పూటే, ఈ మనిషి కింద ఉన్నప్పుడే ఎందుకు విరగాలి? దానికి వాళ్ల జవాబు, చేతబడి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా సందులో మూడు చెట్లు పడ్డాయి. రెండు రోడ్డు మీద పడ్డాయి. మూడోది సరిగ్గా ఒకే ఒక్క ఆటో మీద పడింది, అది ఆ ఇంటికి బతుకుదెరువు. గాలి ఎంత వేగంతో వీచిందో ఆయనకు వాతావరణ శాఖ చెబుతుంది. ‘నా ఆటో మీదే ఎందుకు?’ అన్నదానికి ఏ శాఖా జవాబు చెప్పదు. ఆసుపత్రుల్లో పనిచేసే మేం ‘ఎలా’ వచ్చిందో చెప్పి ఊరుకుంటాం. ‘నా చెల్లికే ఎందుకు’ అన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. ఆ ఖాళీలోకి అంజనం పెద్దమనిషి వచ్చి కూర్చుంటాడు. ఆ ప్రశ్నకు నా దగ్గరా నిజమైన జవాబు లేదు. లేదని చెప్పి పక్కన కూర్చోవడం మాత్రం నేర్చుకున్నాను.

ఇక ఆయన చూపించిన వాటి సంగతి. దీన్ని మీరే ఇంట్లో చేసి చూడండి. నేను పేషెంట్ల ఇంటివాళ్లకు ఎన్నోసార్లు చూపించాను. స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి చిటికెడు పసుపు కలపండి. కిళ్లీ కొట్టులో దొరికే సున్నం గోరంత తీసి అందులో కలపండి. పచ్చటి నీళ్లు నెత్తురులా ఎర్రబడతాయి. మన ఇళ్లలో దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇవే, పెళ్లికూతురి కాళ్ల పారాణి ఇదే. ఇప్పుడు దాంట్లోకే నిమ్మకాయ పిండండి, మళ్లీ పచ్చబడతాయి. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రగా, పులుపు తగిలితే పచ్చగా మారుతుంది. కోసిన నిమ్మకాయ ఎర్రగా కారడానికి ఇంకో దారి: కత్తికి ముందే ఎర్రమందార పూలు బాగా రుద్ది ఆరబెడతారు. నిమ్మరసం తగలగానే ఆ మరక చిక్కటి ఎరుపుగా కారుతుంది. కత్తీ మీదే, నిమ్మకాయా మీదే అయితే ఆయన కోసినప్పుడు రక్తం వస్తుందేమో కనుక్కోండి. మీ ఇంటి గురించి ‘ఉన్నదున్నట్టు’ చెప్పాడన్నారు కదా. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ తన విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకని కాగితాలు పంచాడు. ఎంత సరిగ్గా ఉందో ఐదుకు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! ‘మీ ఇంట్లో ఒకరు మీ మంచి చూసి ఓర్వలేకపోతున్నారు’ అనే మాట గాజువాకలో ఏ గడపలో చెప్పినా తలూపుతారు.

రాత్రి గుండెల మీద కూర్చోవడం గురించి. కలలొచ్చే నిద్రలో కాళ్లూ చేతులూ కదలకుండా మెదడే కండరాలను వదులు చేస్తుంది, లేకపోతే కలలో పరిగెడితే మంచం మీంచి పడిపోతాం. ఒక్కోసారి స్పృహ ముందు వస్తుంది, కండరాలు ఇంకా లేవవు. కళ్లు తెరిచే ఉంటాయి, గది కనిపిస్తుంది, కల ఇంకా నడుస్తూనే ఉంటుంది. గొంతు పెగలదు, ఛాతీ మీద బరువు, గదిలో ఎవరో ఉన్నారన్న భయం. దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. కొద్ది సెకన్ల నుంచి నిమిషాల్లో పోతుంది. జపాన్‌లో దీనికి ‘కనాషిబారి’ అని పేరుంది, మనవాళ్లు దయ్యం కూర్చుందంటారు. నిద్ర సరిగా లేనివాళ్లకు, వెల్లకిలా పడుకునేవాళ్లకు ఎక్కువగా వస్తుంది. రెండు నెలల పసిబిడ్డ తల్లికి నిద్ర ఎక్కడుంటుంది బాబూ?

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది. ఆయన తోడికోడలి పేరు చెప్పాడు. డబ్బు పోతే పోయింది, సంపాదించుకుంటారు. పేరు పడితే మళ్లీ తుడవలేం.

నేను ఉద్యోగంలో ఉండగా పాడేరు పైనుంచి ఒక కుర్రాణ్ణి తాళ్లతో కట్టి తెచ్చారు. ఇరవై రెండేళ్లుంటాయి. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని, తిండిలో విషం కలుపుతున్నారని పారిపోయేవాడు. సొంత పిన్నే చిల్లంగి పెట్టిందని ఊళ్లో తేల్చారట. అంతకు ముందు పొలం గట్టు దగ్గర ఆమెకూ వీళ్లకూ మాటామాటా వచ్చింది, అదీ సాక్ష్యం. మందులు మొదలుపెట్టాక మూడో వారానికి గొంతులు తగ్గాయి. ఆరో వారానికి నాతో కూర్చుని టీ తాగుతూ ఊరి కబుర్లు చెప్పాడు. చిన్నప్పుడు అమ్మ కూలికి పోతే తనను పెంచింది ఆ పిన్నేనని చెప్పి, “పిన్ని చూడ్డానికి రాలేదేం?” అని అడిగాడు. అప్పటికే ఆమెను ఊరు ఊరంతా వెలివేసింది. ఇంటి మీద రాళ్లు పడ్డాక ఒడిశా వైపు ఎవరో బంధువుల దగ్గరికి వెళ్లిపోయిందని వాళ్ల నాన్న తల దించుకుని చెప్పాడు. ఆమె బతికి బయటపడింది. చిల్లంగి నెపంతో చంపేసిన వార్తలు మన జిల్లా పేజీల్లో మీరూ చదివే ఉంటారు. చనిపోయేది ఎవరో గమనించారా? ఒంటరి ముసలివాళ్లు, వెనక అండ లేనివాళ్లు, భూమి తగాదా ఉన్న దాయాదులు.

కాబట్టి మీరడిగిన ‘నమ్మాలా వద్దా’కు నా జవాబు ఇదీ. కనిపించని శక్తి ఉందని మీరు నమ్మితే అది మీ మనసు, దాన్ని నేను లాక్కోను. అమ్మగారు బాలింత తలగడ కింద ఇనుప ముక్క పెట్టుకున్నారన్నారు, ఉండనివ్వండి. గుమ్మానికి వేపమండ ఉండనివ్వండి. వాటివల్ల ఎవరికీ కీడు లేదు, పైగా ఆవిడ మనసుకు నిమ్మళం. కానీ ఆ శక్తికి ఒక మనిషి పేరు పెట్టినా, ఒక ధర పెట్టినా, మందు ఆపమన్నా అక్కడితో తెగతెంపులు చేసుకోండి. మీ చెల్లి తోడికోడలి సంగతి కూడా ఆలోచించండి. పిల్లలు లేక ఆమె ఎంత బాధలో ఉందో, ఆ బాధనే ఆయన ఆమె నేరానికి రుజువు చేశాడు. ఈ మాట ఇంకా మీ బావగారి దాకా వెళ్లలేదని రాశారు. వెళ్లనివ్వకండి.

చట్టం గురించి ఒక్క మాట. తాయెత్తులు, మంత్రాలు, కవచాలతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని అడ్డుకునే చట్టం 1954 నుంచే ఉంది. దైవాగ్రహానికి గురవుతావని నమ్మించి ఒకరి చేత ఏదైనా చేయించడం పాత ఐపీసీలో 508వ సెక్షన్ కింద నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 354. మహారాష్ట్ర 2013లో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను పుణెలో కాల్చి చంపిన ఏడాదే, చేతబడి లాంటి వాటిని అడ్డుకోవడానికి ప్రత్యేక చట్టం తెచ్చింది. డబ్బు ఇచ్చేసి ఉంటే, ఫోన్‌పే రసీదులూ మెసేజ్‌లూ చెరిపేయకండి.

ఇక మీ చెల్లి. కాన్పయిన మొదటి రోజుల్లో కాస్త దిగులు, ఏడుపు చాలామందికి మామూలే, రెండు వారాల్లో సర్దుకుంటుంది. రెండు నెలలైనా తగ్గలేదంటే, బిడ్డ మీద మనసు పోవడం లేదంటే అది కాన్పు తరవాత వచ్చే డిప్రెషన్ అయ్యే అవకాశం ఉంది. అది నిజమైన జబ్బు, నయమవుతుంది, పాలిచ్చే తల్లులకు సరిపోయే మందులున్నాయి. తల్లి మంచిది కాకపోవడం వల్ల వచ్చేది కాదు, ఆ మాట ఆమెకు వినిపించేలా చెప్పండి. రక్తం తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా ఇలాంటి లక్షణాలే ఉంటాయి, కాబట్టి ఆ రెండు పరీక్షలూ అడగండి. కాన్పు చేసిన డాక్టరమ్మను కలవండి, మానసిక వైద్యుల దగ్గరికి పంపమని మీరే నోరు తెరిచి అడగండి. ఒకవేళ చెవిలో మాటలు వినిపిస్తున్నాయన్నా, బిడ్డ గురించి వింతగా మాట్లాడినా, తనకో బిడ్డకో ఏమైనా చేసుకుంటానన్నా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అప్పటిదాకా ఆమెను, బిడ్డను ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు. మీకు టెన్షన్ ఎక్కువైనా చేయొచ్చు, పేషెంటే చేయాలని లేదు.

ఈ రాత్రి నుంచే ఒక పని మొదలుపెట్టండి. పాలిచ్చాక బిడ్డను మీ అమ్మగారో మీరో ఎత్తుకుని, మీ చెల్లిని కనీసం నాలుగైదు గంటలు ఏకబిగిన పడుకోనివ్వండి. ఒక పక్కకు తిరిగి పడుకోమనండి. మూడింటికి మెలకువ వచ్చి భయపడితే, ఏమీ లేదని వాదించకండి. దీపం వేసి, చెయ్యి పట్టుకుని, పేరు పెట్టి పిలవండి.

రేపు ఓపీకి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితాలతో పాటు ఆయన ఇచ్చిన పొడి పొట్లం కూడా పట్టుకెళ్లండి. ఎన్ని పూటలు వేశారో, దేంట్లో కలిపి ఇచ్చారో సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. తల్లి తిన్నది పాల ద్వారా బిడ్డకు కూడా చేరే ప్రమాదం ఉంది కాబట్టి, పొట్లం విప్పి బల్ల మీద పెట్టండి. డాక్టరు ఏమన్నారో ఇక్కడే రాయండి, నేను రోజూ చూస్తుంటాను.